మేక చెవి

భరోసా అని రాస్తే ఏదో ప్రభుత్వ పథకం అనుకుంటారు, విశ్వాసం అంటే కుక్క గుర్తొస్తుంది, ఇక మిగిలింది నమ్మకం, కానీ అది మరీ అరిగిపోయిన మాట, బంగారం దుకాణాల బోర్డుల మీద అదే. పెద్దపల్లి బస్టాండులో బస్సు ఆగి మళ్లీ కదిలినా ప్రమోదిని ఆ మాటల్లోనే ఉంది. గల్ఫ్‌కు పోయినవాళ్ల భార్యల మీద జరిగే సర్వేకు ప్రశ్నలను తెలుగులో రాసే పని ఆమెకు అప్పజెప్పారు. కరీంనగర్ కాలేజీలో సైకాలజీ చెప్పే మనిషి కదా, సులువనుకున్నారు. 'మీ భర్త మీద మీకు ఎంత' అన్న దగ్గర కలం ఆగిపోయింది. ఎంత ఏమిటి?

జీతగాణ్ని విశ్వాసం గలవాడంటారు. దొర విశ్వాసం గలవాడని ఎవరూ అనరు. ధీమా తన మీద తనకు ఉండేది. గురి వైద్యుడి మీద కుదిరేది. నాయనమ్మ ఇత్బార్ అనేది. 'వానికి ఇత్బార్ లేదు' అని ఆమె అన్నదంటే ఆ మనిషి మళ్లీ వాకిట్లోకి వచ్చేవాడు కాదు. ఒక్కో మాటనూ ప్రమోదిని తన మీద వేసుకుని చూసింది, వేరేవాళ్ల చీరను అద్దం ముందు వేసుకుని చూసినట్టు. ఏదీ కుదరలేదు.

నమ్మకానికి ఆమెకు తెలిసిన అర్థం ఒక్కటే. అడగకపోవడం. జగన్మోహన్‌రావుతో కాపురం చేసిన కాలమంతా ఆమె జవాబులు చెప్పింది. ఎక్కడికి పోయావు, ఫోన్‌లో ఎవరు, స్టాఫ్‌రూమ్‌లో పక్కన ఎవరు కూర్చుంటారు. విడిపోయిన తర్వాత, తాను మాత్రం ఎవరినీ అలా అడగకూడదని నిశ్చయించుకుంది. కూతురు ప్రజ్ఞ పుణెలో ఉద్యోగంలో చేరితే జీతం అడగలేదు, గదిలో తోడెవరని అడగలేదు. పోయిన దసరాకు రాలేదు, ఎందుకని అడగలేదు. ఒకసారి ఫోన్‌లో ప్రజ్ఞే అంది, "అమ్మా, నువ్వు నన్నేమీ అడగవేంటి?" అని. నీ మీద నమ్మకం అని చెప్పింది ప్రమోదిని. అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత ప్రజ్ఞ వానల గురించి మాట్లాడి పెట్టేసింది. ఆ మౌనాన్ని ప్రమోదిని కృతజ్ఞత అనుకుంది. ఇప్పుడు బస్సు కిటికీలోంచి కోసిన వరిమళ్లను చూస్తుంటే, అది ఇంకేదో అయి ఉండొచ్చని మొదటిసారి అనుమానం వచ్చింది.

ఈ అనుమానానికి కారణం బాలవ్వ.

మంథని అవతల ఊళ్లో ప్రమోదినికి వాటాగా వచ్చిన పొలం ఉంది. దాని పక్కనే బాలవ్వ ఇల్లు. కొడుకు సంపత్ మస్కట్‌లో. రెండేళ్ల కిందట ప్రమోదిని కొన్ని మేకలను కొని బాలవ్వకు పాలుకు ఇచ్చింది. పెంచడం బాలవ్వ వంతు, పుట్టిన పిల్లల్లో చెరి సగం. నిజానికి మేకలు ఒక సాకు. ఆదివారం పూట పోయి, ఆ ఇంటి ముందు మంచం మీద కూర్చుని, ఏ మేక ఏం చేసిందో వినడానికి. వారంలో ఆమెతో పని లేకుండా మాట్లాడే మనిషి బాలవ్వ ఒక్కతే.

పోయిన వారం బాలవ్వ కరీంనగర్ వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి, రెండు బస్సులు మారి. తెల్లమేక చచ్చిందని ఒక్క మాట అని, కొంగు ముడి విప్పి, ఉప్పు రాసిన మేక చెవి బయటికి తీయబోయింది. పాలుకు తీసుకున్న జీవం చస్తే దాని చెవి కోసి ఇచ్చినవాళ్లకు చూపించాలి. వాళ్లు చూస్తే లెక్క ముగిసినట్టు. అది ప్రమోదినికీ తెలుసు. కానీ ఒక ముసలామె తాను దొంగను కానని చెప్పుకోవడానికి చెవి మోసుకుంటూ రావడం ఆమెకు సిగ్గనిపించింది. చూపించకు, నిన్ను నమ్ముతాను అంది. ముఖం కూడా తిప్పుకుంది, రక్తం చూడలేక. చాయ్ పెట్టిచ్చింది. బాలవ్వ సగం తాగి లేచిపోయింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు.

మంథనిలో దిగి ఆటో ఎక్కింది. ఆటో కొమురెల్లిది, ఆ ఊరివాడే.

"బాలవ్వ కాడికేనా మేడం? జర పైలం. మస్తు గరం మీదున్నది," అన్నాడు.

ఎందుకని అడగబోయి అలవాటుగా ఆగిపోయింది. కొమురెల్లి తనంతట తానే చెప్పాడు.

"మీరు చెవి జూడలేదట గద. దొర్సాని మొకం తిప్పుకున్నదంటే మేక కూరైనట్టే అని హోటల్ కాడ ఒక్కటే నవ్వుడు. పక్కింటి సిద్దిరాములైతే గా దినం మసాల వాసన గూడ వచ్చిందంటుండు."

తాను నమ్మానని చెప్పింది కదా అంది ప్రమోదిని.

"మీరు మీ ఇంట్ల జెప్పిండ్రు. ఊరికెట్ల ఎరుకైతది?"

 నమ్మకాన్ని ప్రమోదిని ఇద్దరి మధ్య గుట్టుగా ఉండే వస్తువనుకుంది. పదిమంది ముందు ఒకరు మరొకరికి నిలబెట్టవలసిన పరువు అని ఏ నిఘంటువులోనూ చూసిన గుర్తు లేదు.

బాలవ్వ ఇంటి ముందు మేకలన్నీ ఒకే తాడుకు కట్టి ఉన్నాయి, పిల్లలతో సహా, తోలుకుపోవడానికి సిద్ధంగా. ఎప్పుడూ వాకిట్లో ఉండే మంచాన్ని గోడకు నిలబెట్టారు. బాలవ్వ కట్టెలు పేరుస్తోంది. ఆటో చప్పుడుకు కూడా తల తిప్పలేదు.

"నీ జీవాలు నువ్వు తోలుకపో. పిల్లలల్ల నా వాటా గూడ నాకద్దు," అంది కాసేపటికి.

ప్రమోదిని ఆ చెవి ఇప్పుడు చూస్తానంది. ఊళ్లో నలుగురి ముందు చూస్తానంది.

"యాడున్నది? బస్టాండ్ల కుక్క గుంజుకపోయింది. పోనీ మంచిగైంది."

ఇక చూపడానికి ఏమీ లేదు, చూడడానికీ ఏమీ లేదు.  మళ్లీ అదే మాట అనడం తప్ప ఇంకేమీ తోచక, ప్రమోదిని నిన్ను నమ్మాను కాబట్టే చూడలేదు బాలవ్వా అంది.

బాలవ్వ చేతిలో కట్టెతోనే ఇటు తిరిగింది. గొంతు పెంచలేదు.

"ఏం నమ్మినవ్? నేనేమన్న జెప్పిన్నా నువ్వు నమ్మనీకి? గుమ్మంల నిలవడ్డ. ఇంకో మాటకు నోరు దెరువకముందే నమ్మిన పో అంటివి."

కట్టె కుప్ప మీద పడింది. బాలవ్వ మళ్లీ వంగి పేర్చడం మొదలుపెట్టింది. కొమురెల్లి ఆటోలోంచి ఇటే చూస్తున్నాడు. గేటు అవతల ఇంకెవరో కూడా ఆగారు.

పో అనలేదు నేను అనుకుంది ప్రమోదిని, కానీ అన్నట్టే ఉంది. ప్రజ్ఞకు కూడా అలాగే వినిపించి ఉంటుందా. ఇన్నేళ్లుగా తాను ఎవరికీ భారం కాకూడదని వదిలేసిన ప్రశ్నలు, అవతలివాళ్లకు మూసిన తలుపుల్లా కనిపించి ఉంటాయా. అడిగేవాడి ముఖమే ఆమెకు ఎప్పుడూ గుర్తొచ్చేది, జగన్మోహన్‌రావు ముఖం, జవాబు రాకముందే అపనమ్మకంతో కుంచించుకుపోయే కళ్లు. చెప్పాలని రెండు బస్సులు మారి వచ్చిన మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆమె చూడలేదు. ఆ రోజు తాను గోడవైపు చూస్తోంది.

గోడకు నిలబెట్టిన మంచాన్ని దించుకుని కూర్చుందామని ఒక అడుగు వేసి మానుకుంది. కూర్చోమని దాన్ని బాలవ్వే వాల్చాలి. చెప్పులు విడిచి, మేకలు కట్టిన గుంజ పక్కన కిందనే కూర్చుంది. చీర కుచ్చిళ్లకు పెంట అంటింది. అడగబోయే మాట చాలా పాతదిలా, తనది కానిదిలా అనిపించింది. అయినా గేటు దగ్గరి వాళ్లకు కూడా వినబడేంత గట్టిగానే అడిగింది.

"తెల్లమేక ఎట్ల సచ్చింది, బాలవ్వా?"