అక్క అని పిలిచినందుకు

మా అత్తను నేను అక్కా అనే పిలుస్తాను. మా పక్క ఇదేమంత చెప్పుకోవాల్సిన సంగతి కాదు. సిద్ధమ్మ నా తోడబుట్టిన పెద్దక్క. అమ్మ పోయినాక నన్ను సాకింది ఆమే. ఆమె కూతురు నిర్మలను నాకు చేసినారు. పెండ్లి అయినంత మాత్రాన అక్క అత్త అయిపోతుందా? నోటికి రాదు. ధర్మవరంలో మా మగ్గాల వీధిలో ఇట్లాంటి సంసారాలు ఇంటికొకటి ఉంటాయి. ఈ మాట ముందే ఎందుకు రాస్తున్నానంటే, నా బిడ్డ యశోదను ఏ ఆస్పత్రికి తీసుకుపోవాలని మేం పడిన గోలంతా దీని చుట్టే తిరిగింది.

రెండువేల మూడు ఎండాకాలంలో మొదలయింది. యశోదది తొమ్మిదో తరగతి అప్పుడే అయిపోయింది. కాళ్ల మీద దోమలు కుట్టినట్టు ఎర్రచుక్కలు. పండ్లు తోముకుంటే నోరంతా రక్తం. ధర్మవరంలో చూసి అనంతపురం పొమ్మన్నారు. అనంతపురంలో చూసి బెంగుళూరు పొమ్మన్నారు. మనల్ని ఇంకొకరి దగ్గరికి పంపడానికి మాత్రం ఎవరికీ ఆలస్యం కాదు.

బెంగుళూరులో మేం మొదట పోయిన ఆస్పత్రి ఒక చర్చి పక్కన ఉండేది. చర్చి ఆస్పత్రి అనుకునేవాళ్లం. పాప నడుం ఎముకలోకి సూది దించి చూసినారు. ఎముకల్లో మూలుగ ఎండిపోయిందన్నారు. ఒంట్లో రక్తం తయారయ్యేది ఆ మూలుగలోనే అంట. ఇంకొకరి మూలుగ తీసి ఎక్కిస్తే బతుకుతుంది, కానీ అది పాపకు సరిపోయే మూలుగ అయ్యుండాల, ఎక్కువగా తోబుట్టువులదే సరిపోతుంది అన్నారు.

మూలుగ అన్న మాట విన్నప్పటి నుంచి హిందూపురంలో కాపురముండే మా అక్క గౌస్‌సాబ్ మాంసం అంగడికి పొద్దున్నే పోయి నిలబడేది.

"ఏం సిద్ధమ్మక్కా, దినామూ బొక్కలేనా? కండ ఎవరు తింటారు?" అనేవాడు గౌస్‌సాబ్.

"కండ నీ పెండ్లాం బీబీజాన్‌కు పెట్టు, కాస్త ఒళ్లు చేస్తాది. నా మనవరాలికి మూలుగ కావాల, గట్టి బొక్క చూసి కొట్టు."

ఆ బొక్కల రసం క్యారియర్లో పోసుకొని, మా రైలు హిందూపురంలో ఆగేసరికి ప్లాట్‌ఫారం మీద ఉండేది, మాతోనే బెంగుళూరుకు వచ్చేది. ఆమె ప్రేమలో లోటు లేదు. లోటు ఉండి ఉంటే బాగుండేది, ఆమె మాట కాదనడం మాకు తేలికయ్యేది.

చర్చి ఆస్పత్రిలో మమ్మల్ని చూసింది ఒక కన్నడ డాక్టరమ్మ. మాకూ కన్నడ వస్తుంది కాబట్టి మాటకు ఇబ్బంది లేదు. ఆమె మొదట అడిగిన మాటే అది: మీ ఇద్దరూ దగ్గర చుట్టాలా? అక్క కూతురేనమ్మా అని చెప్పినాను. ఆమె కాగితం మీద సున్నాలు, గళ్లు గీసి, ఎవరికి ఎవరు ఏమవుతారో అడిగి గీతలు కలిపింది. పక్క డాక్టరుకు చూపించి ఇంగ్లీషులో ఏందో చెప్పింది. ఈసారి మీ చుట్టాలందరినీ తీసుకొని రండి, అందరి రక్తం చూడాల అన్నది. ఎందుకో ఆమె చెప్పలేదు. వెనక జనం తోసుకుంటా ఉన్నారు.

రైలెక్కినాక అక్క అందుకుంది.

"చుట్టాలందరినీ యాల పిలిపిస్తారంట?"

"రక్తం చూస్తారంట కదక్కా."

"చూసి? ఈ వంశమంతా చెడ్డ రక్తమని రాసుకుంటారు. నా కొడుకు వెంకటేశ్వర్లుకు పిల్లను చూస్తాండాం. ఈ సంగతి బయటపడితే వాడికి ఎవడు పిల్లనిస్తాడురా?"

"ఆయమ్మ బాగనే మాట్లాడింది కదమ్మా" అన్నది నిర్మల.

"నీ మొదటి కాన్పప్పుడు ఆ నర్సింగ్ హోం వాడు కూడా బాగనే మొదలుపెట్టినాడు."

మా మొదటి బిడ్డ పురుటిలోనే పోయినప్పుడు ఆ డాక్టరు వార్డు నిండా జనం ముందు, అక్క కూతుర్ని చేసుకుంటే గొడ్లకు పుట్టినట్టే పుడతారు, చదువులేని జాతి అని మా అక్కను నిలబెట్టి తిట్టినాడు. అప్పటి నుంచి ఆమె ఆ వీధిలో కాలు పెట్టలేదు. వాడు ఆ దినమే మరిచిపోయి ఉంటాడు. ఆమె మరవలేదు. వాడు తిట్టిన తిట్టుకు నా బిడ్డ జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

చర్చి ఆస్పత్రికే పోదామని నేను చాలాసార్లు అన్నాను. ఏడో తరగతిలో బడి మానేసినవాడి మాట ఎవరు వింటారు. అక్క కొడుకు వెంకటేశ్వర్లు ఎవరినో విచారించి వచ్చినాడు.

"మామా, బెంగుళూరులోనే అద్దాల ఆస్పత్రి అని కొత్తది ఉండాది. ఆడ ఎవరి కూతుర్ని ఎవరికిచ్చినారని పంచాయతీ పెట్టరంట. కంప్యూటర్లో పేరు కొట్టుకుంటారు, అంతే."

"అదీ ఆస్పత్రంటే" అన్నది అక్క.

అట్ల ఎంచుకున్నాం. ఏ ఆస్పత్రిలో ఎంతమంది బతికినారు, ఏ డాక్టరుకు చెయ్యి తిరిగింది అని కాదు. ఎక్కడ మా పెండ్లి సంగతి అడగరని.

ఆడ కూడా అడిగినారు. నేను ఆ వేళకు కింద పాప కోసం రక్తమిస్తా పడుకొని ఉన్నాను. పైన నిర్మల నోరు తెరిచే లోపలే అక్క అందుకొని, బయటి సంబంధం సార్, పెనుకొండ పక్కోళ్లు అని చెప్పేసింది. ఆ సంగతి నాకు ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు. వాళ్లు మా చిన్నకూతురి రక్తం ఒక్కటే పరీక్ష చేసినారు. కలవలేదు. తోబుట్టువు కలవలేదు కాబట్టి మందులతో నెట్టుకొద్దాం అన్నారు.

దుడ్ల ఖర్చు సంగతి రాయను, అది చదివేవాళ్లకు తెలిసిందే. నెలల తరబడి అదే రైలు. పెనుకొండ కొండ వస్తుంది, హిందూపురం వస్తుంది, అక్క క్యారియర్ వస్తుంది. ఆస్పత్రిలో రక్తం, పసుపు నీళ్ల లాంటి ప్లేట్‌లెట్లు ఎక్కించుకొని వస్తే కొన్నాళ్లు పాప మొగం తేటగా ఉండేది. మళ్లీ చుక్కలు.

"నాయనా, నాలో ఇప్పుడు ఎందరి రక్తం ఉండాదో. పరీక్షల్లో వాళ్లంతా సాయం చేస్తారేమో" అనేది కిటికీ పక్కన కూర్చొని.

"నాది కూడా ఉండాది. లెక్కల్లో తప్పుతావు."

నవ్వేది. నవ్వితే చిగుళ్ల నుంచి రక్తం వచ్చేది. అందుకని నేను తమాషా మాటలు మానేసినాను.

చలికాలంలో జొరం పట్టుకుంది. దగ్గు. అద్దాల ఆస్పత్రిలో చేర్చినాం. ఆ వార్డుకు కొత్తగా ఒక డాక్టరు వచ్చినాడు, కదిరి పక్కవాడు, మన తెలుగే. ఆయన పాప ఛాతీ మీద గొట్టం పెట్టి వింటా ఉంటే నేను, "అక్కా, పాపకు గొంతు ఎండినట్టుండాది, నీళ్లు పట్టు" అన్నాను.

ఆయన గొట్టం తీసినాడు.

"ఈమె పాప అవ్వ కదా? తల్లికి తల్లి?"

"అవును సార్."

"మరి అత్తను పట్టుకొని అక్కా అంటాండావేమప్పా?"

"సొంత అక్క సార్. అక్క కూతుర్నే చేసుకున్నా."

"బయటి సంబంధమని చెప్పినారే మాకు?"

నేను నిర్మలను చూసినాను. నిర్మల వాళ్ల అమ్మను చూసింది. అక్క నీళ్ల గ్లాసు పట్టుకొని అట్లే నిలబడింది.

డాక్టరు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కుర్చీ లాక్కొని కూర్చొని చెప్పినాడు. బయటి సంబంధమైతే తోబుట్టువుల్లోనే వెతుకుతాం, మిగతా చుట్టాల్లో కలవడం అరుదు. లోపలి సంబంధాల్లో రెండు పక్కలా ఒకటే రక్తం కాబట్టి మామల్లో, అత్తల్లో, వాళ్ల పిల్లల్లో కూడా కలిసేది ఉంటుంది. అందుకే మేం మొదట అడిగేది అది. తప్పు పట్టడానికి కాదు.

చర్చి ఆస్పత్రి డాక్టరమ్మ చుట్టాలందరినీ రమ్మన్నది ఇందుకే. ఇంతమందిలో ఒకరన్నా దొరుకుతారని. ఏ సంబంధాన్ని మేం దాచుకున్నామో, ఆ సంబంధంలోనే నా బిడ్డకు మూలుగ ఉంది.

అందరినీ టెంపోలో పిలిపించినాను. చెన్నేకొత్తపల్లి నుంచి మా చిన్నాయన ఎర్రప్ప కూడా వచ్చి చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చున్నాడు. వెంకటేశ్వర్లుది కలిసింది. పూర్తిగా కలిసింది అన్నారు. వాడు ఆ మాట విని, "నాది ఎంత కావాలంటే అంత తీసుకోండి సార్" అని, ఊరికే ఉండలేక వరండాలో అటూ ఇటూ తిరిగినాడు.

డాక్టరు నన్ను పక్కకు పిలిచినాడు.

"ఊపిరితిత్తుల్లో బూజు పట్టింది. మూలుగ ఎక్కించాలంటే ముందు గట్టి మందులిచ్చి లోపల ఉన్నదాన్నంతా చంపాల. ఈ ఒంటితో ఆ మందులు తట్టుకోలేదు."

"చర్చి ఆస్పత్రికి తీసుకుపోతే?"

"ఈ జొరం రాకముందైతే నేనే పొమ్మని చెప్పేవాణ్ని. ఇప్పుడు యాడికి పోయినా ఇదే మాట చెప్తారు. కదిపితే దావలోనే ఏమన్నా అవుతాది."

"తగ్గితే?"

"తగ్గితే చేద్దాం" అన్నాడు. నా మొగం చూడకుండా అన్నాడు.

వరండాలో అక్క గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. పక్కన క్యారియర్. వెంకటేశ్వర్లును బాగా తినమన్నారని నిర్మల వాడి చేతిలో బొక్కల రసం గిన్నె పెడుతోంది. నా బిడ్డ కోసం కాచిన రసం వాడు తాగుతున్నాడు, కండ్లలో నీళ్లు కారుతా ఉంటే తాగుతున్నాడు.

"నేనేం కావాలని చేసినానా రా, హనుమంతూ? మర్యాద పోతాదని కదా" అన్నది అక్క.

నేను లోపలికి పోయినాను. యశోద మొగానికి ఆక్సిజన్ ముసుగు. దాన్ని కొంచెం పక్కకు జరుపుకుంది.

"మామది కలిసిందంట కదా నాయనా. ఎప్పుడు ఎక్కిస్తారు?"

"జొరం తగ్గనీ."

"తగ్గుతాదిలే" అని కండ్లు మూసుకుంది. నాకు ధైర్యం చెప్పినట్టు చెప్పింది.

బయటికి వస్తే అక్క లేచి ఎదురొచ్చింది.

"ఏమంటాంది రా?"

"ఏం లేదు అత్తా" అన్నాను.

పెండ్లయి ఇన్నేండ్లలో ఆ మాట నా నోట్లో నుంచి రావడం అదే మొదలు. ఆమె నన్ను చూసింది. తర్వాత కింద కూర్చొని క్యారియర్ మూత బిగించడం మొదలుపెట్టింది. గొళ్లెం పడలేదు. నేను సాయం పోలేదు.