ఎర్రకారు వేడి

నీళ్ల మేస్త్రీ రేడియేటర్ పైభాగం మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశాడు. కాలింది. కిందిభాగం తడిమి చూశాడు. చల్లగా ఉంది. ఇంజను కుతకుతలాడుతున్నా నీళ్లు ఇక్కడిదాకా రావడమే లేదన్నమాట.

రెండే సీట్లున్న ఆ పాత ఎర్ర స్పోర్ట్స్ కారు పళ్ల డాక్టరుగారిది. కొండదారిలో మూడో మలుపు ఎక్కేసరికి పొగలు కక్కి ఆగిపోతోంది. మేస్త్రీ రేడియేటర్ కడిగాడు, పంపు మార్చాడు, బెల్టు బిగించాడు. ఎన్ని చేసినా కుక్కతోక వంకరే. సాయంత్రం డాక్టరుగారు బండి కోసం వస్తారు.

రేడియేటర్లు బాగుచేసి బాగుచేసి అతనికి నీళ్ల మేస్త్రీ అని పేరు వచ్చింది. అసలే భయస్తుడు. బిగించిన నట్టునే మళ్లీ బిగించి చూస్తాడు. షెడ్డు అతనిది కాదు, మామయ్యది. పని నేర్పిందీ, పిల్లనిచ్చిందీ ఆయనే. ఇప్పుడు మంచాన పడి, వెనకగదిలోంచి చప్పుడు విని ఏ బండికి ఏం జబ్బో చెబుతుంటాడు.

మామయ్యది ఒకటే నియమం. షెడ్డుకొచ్చిన ప్రతి బండికీ ముందు థర్మోస్టాట్ పీకెయ్యాలి. ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్లోకి పోనివ్వని చిన్న ఇత్తడి మూత అది. ఎండన తిరిగే బండికి కంబళి దేనికని ఆయన ఎగతాళి. అల్లుడు ఆ మాట ఏనాడూ జవదాటలేదు.

పైపు మూతి విప్పి చూశాడు. లోపల ఖాళీ. నిరుడు మామయ్య స్వయంగా తీసేసిన చోటు. కానీ దాని అడుగున ఇంకో రంధ్రం కనిపించింది. నీళ్లు రేడియేటర్ మొహం చూడకుండా తిరిగి ఇంజన్లోకే పోయే అడ్డదారి. ఈ రకం బండిలో వేడెక్కగానే అడ్డదారి మూసేది కూడా ఆ థర్మోస్టాటే. అది లేక వేడినీళ్లు ఇంజన్లోనే గిరగిరా తిరుగుతున్నాయి.

అంటే బండిని చెడగొట్టింది మామయ్యే. ఊపిరే కష్టంగా లాగుతున్న మనిషి. బతుకంతా నమ్మిన పని తప్పని తెలిస్తే తట్టుకుంటాడా? బండి బాగవ్వాలి, ఆయనకి తెలియకుండా బాగవ్వాలి.

పాతసామాన్ల కొట్లో సరైనది దొరికింది. బిగించే ముందు వేడినీళ్లలో వేసి, తెరుచుకుంటుందో లేదో చూడాలి. వంటింటికి మామయ్య గదిలోంచే దారి. దాన్ని తువ్వాలులో చుట్టి, చంకలో పెట్టుకుని, కోడిని దొంగిలించినవాడిలా నడిచాడు.

"చంకలో ఏంట్రా?" అన్నాడు మామయ్య, కళ్లు తెరవకుండానే.

"గుడ్డ మామయ్యా. చెమట తుడుచుకుందామని."

భార్య గిన్నె ఇస్తూ, ఇవాళ ఇత్తడి పులుసా అని దెప్పింది. మరుగుతున్న నీళ్లలో అది మెల్లగా నోరు తెరిచింది. సంగతి ఆమె చెవిలో చెప్పి, మీ నాన్న దగ్గర ఎత్తొద్దని బతిమాలాడు.

బిగించి, నీళ్లు పోసి, ఇంజను స్టార్ట్ చేశాడు. అది రెండుసార్లు దగ్గి కుదురుకున్నాక కొండవైపు పోనిచ్చాడు. మూడో మలుపులో వేడి చూపించే ముల్లు పైకి జరిగింది. ముల్లు అక్కడే ఆగింది. కొండ దాటినా మళ్లీ కదల్లేదు.

బెల్టు వదులైందని చెబుదామని దారంతా అబద్ధం వల్లెవేసుకుంటూ వచ్చాడు. మామయ్య వింటాడని ఇంజను ఆపకుండానే దిగాడు. భార్య గుమ్మంలో నిలబడి ఉంది.

"నాన్న పోయారండీ."

అతనికి ఆ మాట బుర్రకెక్కలేదు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని చెప్పింది.

"మీరు స్టార్ట్ చేసినప్పుడు గోడకి చెయ్యి ఆనించి విన్నారు. 'ఇంజను తొందరగా వేడెక్కి కుదురుకుంది, వాడు థర్మోస్టాట్ మళ్లీ బిగించాడే' అన్నారు. మంచిపని చేశాడన్నారు. 'నాకు తెలిసిందని మాత్రం వాడితో అనకమ్మా, బాధపడతాడు' అన్నారు. తర్వాత మంచినీళ్లు అడిగారు."

నీళ్ల మేస్త్రీ లోపలికి వెళ్లి మంచం పక్కన చతికిలబడ్డాడు. ఏడుపు ఆపుకోలేకపోయాడు. బయట ఎర్రకారు ఇంకా ఆడుతూనే ఉంది. కిటికీ గట్టు మీద మామయ్య సగం తాగి పెట్టిన గ్లాసులో నీళ్లు సన్నగా అదురుతున్నాయి.