తొంభై ఐదు నుంచి వంద వరకు

మంగళవారం పొద్దున ప్రొఫెసర్ రామభద్రరావుగారు నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేయమన్నారు. నాలుగేళ్లుగా ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నాను, ఒక్కసారి కూడా తలుపు వేయమనలేదు.

కంప్యూటర్ తెర నా వైపు తిప్పారు. గుండెజబ్బుకు వాడే ఒక మందు కొందరి ఒంట్లో ఎందుకు పనిచేయదన్నది నా పరిశోధన. దానికి రోగుల డీఎన్ఏ ఎంత అవసరమో, పోల్చి చూసుకోవడానికి అరవై దాటిన ఆరోగ్యవంతుల డీఎన్ఏ కూడా అంతే అవసరం. అలాంటి వందమంది ఉమ్మి నమూనాలు నేను సేకరించి ఇచ్చాను. వాటిలో తొంభై ఐదో నంబరు నుంచి వందో నంబరు వరకు, ఆరూ ఒకే మనిషివని తెర మీద ఉంది. పోలికలున్నవి కాదు, అచ్చంగా ఒక్కరివే.

"ఏం జరిగింది, క్యారల్?" అని అడిగారు. తెలియదన్నాను. నిజంగానే తెలియదు. కానీ ఆ మాట ఆ గదిలో ఎంత అబద్ధంలా వినబడిందంటే, నాకే నమ్మబుద్ధి కాలేదు.

మా రంగంలో ఉన్నవాళ్లెవరికైనా దీని అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. మనుషులు దొరకని విద్యార్థి ఒకరి నమూనానే ఆరు ట్యూబుల్లో పోసి వంద అయిందనిపిస్తాడు. అలా చేసి దొరికిపోయినవాళ్లు ఉన్నారు. వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో ఎవరూ అడగరు కూడా.

సార్ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. శుక్రవారంలోపు రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వమన్నారు. అది సోమవారం ఎథిక్స్ కమిటీ ముందుకు వెళ్తుంది. వాళ్లకు నమ్మకం కుదరకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దు చేస్తారు. నాలుగేళ్ల చాకిరీ అంతటితో సరి.

మధ్యాహ్నానికల్లా ఈ కబురు నీహారికకు తెలిసిపోయింది. ల్యాబులో చేరి ఏడు నెలలైన జూనియర్, పద్మారావు నగర్ నుంచి వస్తుంది. ఆ చివరి ఆరు ట్యూబుల్లోంచి డీఎన్ఏ తీసింది తనే. క్యాంటీన్లో నా ఎదురుగా కూర్చుంది గానీ ఇడ్లీ ముట్టుకోలేదు.

"నా చెయ్యేనా అక్కా? ఒక్క ట్యూబ్‌లోదే ఆరింట్లో పోసేసిన్నేమో. ఆ రోజు నాకు జెర జ్వరం ఉండె," అంది.

చూద్దాంలే అన్నాను. కానీ లోపలెక్కడో హాయిగా అనిపించింది. జూనియర్ చేతి పొరపాటు అని రాసిస్తే చాలు. పొరపాటుకు ఎవరూ రిజిస్ట్రేషన్ రద్దు చేయరు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరుగుతుంటే నాకు హాయిగా అనిపించిందని గ్రహించాక, నా మీద నాకే అసహ్యం వేసింది.

బుధవారం పొద్దున్నే ఫ్రీజర్లోంచి అసలు ట్యూబులు తీశాను. ఒక్కోదాంట్లో కాస్త ఉమ్మి ఇంకా మిగిలే ఉంది. ఎవరినీ ముట్టుకోనివ్వకుండా అంతా మొదటి నుంచి నేనే చేశాను. గురువారం మధ్యాహ్నం ఫలితం వచ్చింది. ఆరూ మళ్లీ ఒక్కరివే. నీహారిక చేతిలో తప్పేమీ లేదు. ట్యూబులు ల్యాబుకు వచ్చేసరికే అలా ఉన్నాయి.

నమూనాల మీద నంబర్లే తప్ప పేర్లుండవు. పేర్లున్న అంగీకార పత్రాలు సార్ బీరువాలో ఉంటాయి. అడిగి తీయించాను. తొంభై ఐదో నంబరు హెన్రీ అంకుల్. రైల్వేలో ఇంజను నడిపి రిటైరైన మనిషి, చెవుల దాకా మీసం. నా ఫలితం ప్రకారం ఆయన ఆడమనిషి. మరో రోజైతే ల్యాబంతా వినబడేలా నవ్వేదాన్ని. వందో నంబరు విమలమ్మ ఆంటీ. మధ్యలో నలుగురు. అందరూ మెట్టుగూడలో మా చర్చివాళ్లే.

ఆరు పత్రాల మీదా వేర్వేరు సంతకాలు. కానీ ఆ 'మ'లు నాకు తెలుసు. ఆ చేతిరాత చూస్తూనే అక్షరాలు దిద్దుకున్నాను. మొదటి ఏడాది పని నేర్చుకునేటప్పుడు నా డీఎన్ఏతోనే చేసిన ఫలితం ఒకటి కంప్యూటర్లో ఉంది. దాన్ని ఈ ఆరింటి పక్కన పెట్టాను. ప్రతిచోటా సగం నాతో కలిసింది. అలా కలవాలంటే తల్లయినా కావాలి, బిడ్డయినా కావాలి. నాకు బిడ్డల్లేరు.

మా అమ్మ కాంతమణి ముప్ఫై రెండేళ్లు బడిలో పాఠాలు చెప్పింది, ఆదివారం సండేస్కూలు కూడా తనదే. నాకు వందమంది కావాలనగానే పాస్టరుగారి చేత ఆరాధన తర్వాత ప్రకటన చేయించింది. మూడు ఆదివారాలు వరసగా పెద్దవాళ్లను కూర్చోబెట్టి, అరగంట ఏమీ తినకుండా కాపలా కాసి, ట్యూబుల్లో ఉమ్మించింది. నాలుగో ఆదివారం ల్యాబులో డీఎన్ఏ చదివే యంత్రం మీద నా వంతు వచ్చింది, నేను ల్యాబుకు వెళ్లిపోయాను. ఆ రోజు ట్యూబులూ పత్రాలూ అమ్మ చేతికే ఇచ్చాను. మర్నాడు ఆ పత్రాల కింద, నా సమక్షంలో సేకరించాను అన్న చోట నేను సంతకం పెట్టాను. అంటే అబద్ధం రాసింది అమ్మ ఒక్కతే కాదు.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అమ్మ టమాటా పచ్చడి నూరుతోంది. పత్రాల ఫోటోలు ముందు పెట్టాను. చూసి పచ్చడి బండ పక్కన పెట్టింది. దాచే ప్రయత్నమైనా చేయలేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంటికొచ్చి, నోట్లో తడి ఊరక చింతకాయ ఎదురుగా పెట్టుకుని, రెండు గంటలు కూర్చుని ఆరు ట్యూబులూ నింపిందట.

"తొంభై నాలుగు అయ్యాయే. ఆ ఆరుగురూ రామన్నారు. తక్కువైందని చెప్తే నీ మొహం చిన్నబోతుందనుకున్నాను. ఉమ్మే కదా, ఎవరిదైతే ఏముందిలే అనుకున్నాను," అంది.

నేను అరిచాను. నాకు గుర్తున్నంతలో అమ్మ మీద అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. నన్ను దొంగననుకుంటున్నారని, నాలుగేళ్లు పోతాయని, ఏమీ తెలియని ఇంకో పిల్ల నా ఎదురుగా కూర్చుని ఏడుస్తోందని చెప్పాను. అమ్మ లేచి చేతులు కడుక్కుని వచ్చింది. ఆ పిల్ల పేరేమిటని అడిగింది. చెప్పాను.

"బడిలో కాపీ కొట్టినవాళ్ల అమ్మలను పిలిపించేదాన్ని. రేపు నన్ను మీ సార్ దగ్గరికి తీసుకెళ్లు," అంది.

రాత్రంతా నాకు నిద్ర లేదు. అమ్మ పేరు రాస్తే నా సంతకం సంగతీ రాయాలి. రాయకుండా సగం నిజం చెప్పే దారి ఉందేమో అని ఎన్ని రకాలుగా ఆలోచించానో చెప్పుకోవడానికి సిగ్గు. తెల్లవారాక మొత్తం రాశాను. ఆ ఆరుగురు నిరాకరించారని, నా తల్లి తన నమూనాలే ఇచ్చి వాళ్ల పేర్లు పెట్టిందని, నేను అక్కడ లేకుండానే ఉన్నానని సంతకం చేశానని.

శుక్రవారం సార్ గదిలో అమ్మను కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, బడి పిల్లలా నిలబడి, జరిగింది చెప్పింది. సార్ నా కాగితం రెండుసార్లు చదివారు.

"నువ్వే వచ్చి చెప్పావు కాబట్టి హెచ్చరికతో వదిలేయమని కమిటీని అడుగుతాను. ఒప్పుకుంటారో లేదో తెలియదు. కానీ మీ చర్చి నమూనాలు మొత్తం తీసేయాలి. ఆ సంతకం అబద్ధమైతే మిగతావి నిజమని వాళ్లెలా నమ్ముతారు?" అన్నారు.

అలా కనీసం ఏడాది పోయింది, అదీ కమిటీ దయ తలిస్తే. బయటికి వచ్చాక వరండాలో అమ్మ ఆగిపోయింది. మిగతా తొంభై నాలుగు మందివీ పారేస్తారా అని అడిగింది. పారేస్తారన్నాను. అంతవరకు ఏడవని మనిషి, గోడకు ఆనుకుని ఏడ్చింది. మోకాళ్ల నొప్పులతో వచ్చి, ఎందుకో ఏమిటో అర్థం కాకపోయినా, టీచరమ్మ చెప్పిందని కూర్చుని వెళ్లిన వాళ్లందరూ ఆమెకు కళ్లముందు కనబడుతున్నారని నాకు అర్థమైంది. కోపం పోయిందని చెప్పను, కానీ చెయ్యి పట్టుకున్నాను.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. ఎవరికైనా దేవుడు చేసిన మేలు చెప్పుకోవాలనుంటే లేచి చెప్పే సమయం అది. అమ్మ లేచింది. మేలు చెప్పలేదు. తను చేసింది చెప్పింది. ఎవరెవరి పేర్లు వాడుకుందో ఆరు పేర్లూ చదివి, వాళ్లనూ, ఉమ్మి ఇచ్చిన మిగతావాళ్లనూ క్షమించమని అడిగి కూర్చుంది. ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరుగారు పాట నంబరు చెప్పారు.

ఆరాధన అయ్యాక మా దగ్గరికి ఎవరూ రాలేదు. చెప్పులు వేసుకుంటుంటే విమలమ్మ ఆంటీ వచ్చింది. స్త్రీల సమాజం కార్యదర్శి పదవి దగ్గర మాట పట్టింపు వచ్చి రెండేళ్లుగా ఆమె, అమ్మ పలకరించుకోరు. పోట్లాడుతుందనుకున్నాను. ఆమె అమ్మ ఎదురుగా నిలబడి నెమ్మదిగానే అంది.

"నువ్వు మా ఇంటికి రానేలేదు కదా కాంతమణీ. అడిగితే నేను ఇయ్యకపోదునా? క్యారల్ నా కళ్లముంగట పెరిగిన పిల్ల. ఆ హెన్రీని, తక్కిన నలుగురిని సుత అడగలేదట. నేను అడిగే వస్తున్న."

అమ్మ వంగి చెప్పు పట్టీ పెట్టుకోసాగింది. రెండేళ్లుగా పలకని మనిషి గుమ్మం ఎక్కలేక ఎక్కలేదు సరే, మిగతా ఐదుగురి ఇళ్లకు ఎందుకు వెళ్లలేదో నేను అడగలేదు. అడగడానికి భయమేసింది. ఆరుగురూ నిరాకరించారని నేను రాసిచ్చిన కాగితం రేపు పది గంటలకు కమిటీ చదువుతుంది.

మెట్లు దిగి, గేటు పక్కకు వెళ్లి, సార్‌కు ఫోన్ చేశాను. ఆదివారం పూట ఆయన ఎత్తకపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. మూడో రింగుకే ఎత్తారు.