నీళ్ళు పడకూడని దేవుడు

తొలకరి వానలకి భిలాయిలోని ఖుర్సీపార్ బస్తీ మురిక్కాలవలు పొంగి రోడ్డెక్కిన రోజున, డ్యూటీ దిగి సైకిలు మీద వస్తున్న అప్పలకొండకి ఆ తాబేలు కనబడింది. ఏ టెంపో చక్రమో ఎక్కినట్టుంది. నల్లటి డొప్ప ఒక పక్క పగిలి లోపలి మాంసం ఎర్రగా కనబడుతోంది. అయినా తల బయటపెట్టి రోడ్డు దాటాలనే చూస్తోంది. జనం చుట్టూ మూగి చూస్తున్నారు. చూడ్డానికేం, ఎవరి సొమ్మేం పోయింది. అప్పలకొండ మెడలో తువ్వాలు తీసి దాన్ని చుట్టి, కేరియర్‌కి కట్టుకుని ఇంటికి తెచ్చాడు.

ఎందుకు తెచ్చాడో అతనికే తెలీదు. మనుషులంటే ఏనాడో మొహం మొత్తినవాడు. నాలుగో క్లాసుతో బడి మానేసి, శ్రీకాకుళం పక్క పల్లె నుంచి రైలెక్కి వచ్చి, ఉక్కు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ అవెన్ల వేడికి ఒళ్ళు మాడ్చుకున్నాడు. వెనక వచ్చినవాళ్ళంతా ముందుకి పోయారు. అదే ఊరివాడు, అదే రైల్లో వచ్చిన నరసింగరావు ఫోర్‌మన్ అయి, "సంతకం తిన్నగా రానోడికి ప్రమోషనేటిరా" అని నలుగురి ముందూ నవ్వాడు. ఆ మాట అప్పలకొండ గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. అప్పట్నుంచి ఒకరింటికి వెళ్ళడు, అతనింటికి ఒకరు రారు. ఇంట్లో తనూ, భార్య సింహాచలమ్మా, అంతే.

సెక్టర్ 2లో ఉండే పశువుల డాక్టరు సత్యప్రసాద్ తాబేలుని చూసి ముందు నవ్వాడు.

"ఏమయ్యా, ఆవులూ మేకలూ దొరకలేదా నీకు?"

నవ్వినా, పని మాత్రం శ్రద్ధగానే చేశాడు. గాయం కడిగి, మందు పూసి, పగులు మీద పట్టీ వేశాడు.

"పట్టీ మీద చుక్క నీళ్ళు పడకూడదు. తాగడానికి పళ్ళెంలో కాసిని పెట్టు. పొడిగా ఉంచితే బతుకుతుంది, లేకపోతే లేదు."

"తాబేలుకి నీళ్ళొద్దంతారేటి బావూ! నన్ను పని సెయ్యొద్దన్నట్టుంది."

"దెబ్బ తగిలితే నీకూ సెలవిస్తారుగా. దానికీ అంతే అనుకో."

అలాగే పొడిగా ఉంచేవాడే. కానీ సింహాచలమ్మది శ్రీకూర్మం పక్క ఊరు. తాబేలు రూపంలో వెలిసిన స్వామికి దండం పెట్టుకుంటూ పెరిగిన మనిషి. గుమ్మంలో దాన్ని చూడగానే చేతులెత్తి మొక్కింది.

"ఓలమ్మ! కూర్మనాథుడు నడిసొచ్చీసినాడు!"

"నడిసి రానేదే, సైకిలెక్కొచ్చాడు" అన్నాడు అప్పలకొండ.

ఆ మాట ఆమె చెవిన పడలేదు. పసుపు రాసి బొట్టు పెట్టింది. పక్కింటి కన్నమ్మకి తెలిసింది. కన్నమ్మకి తెలిస్తే ఖుర్సీపార్‌కి తెలిసినట్టే. శనివారం నాటికి గుమ్మం ముందు చెప్పుల గుట్ట. చెంబుతో పాలొకరు, పసుపు నీళ్ళొకరు, కొబ్బరి నీళ్ళొకరు, స్వామి వీపు మీద అభిషేకాలు మొదలెట్టారు.

"ఒలే, డాక్టరు నీళ్ళొద్దన్నాడే" అని అప్పలకొండ పెళ్ళాంతో గొణిగాడు.

"దేవుడికి నీళ్ళేటి సేత్తాయి, సోద్దెం కాకపోతే!"

అతను మళ్ళీ అనలేదు. అనకపోవడానికి కారణం భార్య మీద భయం కాదు. "అప్పలకొండగారూ, స్వామి ఎలా దొరికేడండీ?" అని అడిగేవాళ్ళున్నారు ఇప్పుడు. పేరు చివర గారు ఎక్కడం అతనికి కొత్త. టెంపో సంగతి చెప్పినప్పుడల్లా ఆ టెంపో కాస్త పెద్దదయ్యేది, చివరికి లారీ అయింది. క్యాంటీన్‌లో జరిగి చోటిచ్చారు. ఎండిన గుంటలో వాన కురిసినట్టయింది అతనికి. ఆ వాన ఎవరి డొప్ప మీద పడుతోందో తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు.

కొన్నాళ్ళకి పులిసిన పాల వాసన వేసింది. తరవాత ఈగలు ముసిరాయి. తాబేలు తిండి మానేసి తల లోపలికి లాగేసుకుంది. డాక్టరు పట్టీ తీస్తే అడుగున పురుగులు కదుల్తున్నాయి. ఈసారి ఆయన నవ్వలేదు.

"దేవుణ్ణి చేస్తే చేశారు, కుళ్ళబెట్టారెందుకయ్యా? ఇంకొక్కసారి తడిస్తే నా దగ్గరికి తేవద్దు. తెచ్చినా ఉపయోగం ఉండదు."

పురుగులొక్కొక్కటే లాగుతుంటే అప్పలకొండ తాబేలుని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. అది తన్నలేదు, గింజుకోలేదు. దానికి ఓపిక లేదు.

ఆ శనివారమే నరసింగరావు స్కూటరు గుమ్మం ముందు ఆగింది. వెనక సీటు మీంచి అతని తల్లి వరలక్ష్మమ్మ పాలచెంబుతో దిగింది.

"ఏరా అప్పలకొండా, దేవుణ్ణి ఇంట్లో ఎట్టుకుని మాకో మాట సెప్పవేటి?" అంటూ నరసింగరావు చెప్పులు విప్పాడు.

ఏళ్ళ తరబడి అప్పలకొండ కలగన్నది ఇదే. నరసింగరావు తన గుమ్మంలో చెప్పులు విప్పడం. ముసలమ్మ చెంబు ఎత్తింది. అప్పలకొండ చెయ్యి అడ్డం పెట్టాడు.

"పొయ్యొద్దమ్మా. తడిస్తే సచ్చిపోద్ది."

"దేవుడు సచ్చిపోవడమేటిరా అప్పాయమ్మ కడుపున పుట్టినోడా!" అని ముసలమ్మ తెల్లబోయింది.

"ఊరందరి పాలూ తాగినోడికి మా పాలే సేదెక్కినాయా?" నరసింగరావు గొంతు పెరిగింది. "నా మీద కోపం దేవుడి మీద సూపిత్తావేటి?"

అప్పలకొండ చెయ్యి తియ్యలేదు. "నీ మీద కోపం ఉంది. అది ఏరే సంగతి. ఈ సెంబు ఎవలు తెచ్చినా నాను పొయ్యనివ్వను."

చుట్టూ ఉన్నవాళ్ళు గుసగుసలు మొదలెట్టారు. గారు అన్న నోళ్ళే "ఈడికి పొగరెక్కింది" అన్నాయి. అప్పుడు సింహాచలమ్మ లేచి వచ్చింది. పట్టీ కింది పురుగుల్ని ఆమె కూడా కళ్ళారా చూసింది.

"అమ్మా, సింహాచలం అప్పన్న ఒంటి మీద ఏడాదంతా చందనం పూతే గదా. ఆ పూత మీద ఎవలేనా సెంబెడు పాలు పోత్తారా? ఈ సామికీ డాక్టరు బావు పూత పూసేడు. అది ఒలిసేదాకా నిజరూపం నేదు. ముందర ఎట్టి దండవెట్టుకో."

వరలక్ష్మమ్మ వంగి తాబేలు పట్టీ వంక చూసింది. "అదీ నిజవేనే" అని చెంబు కింద పెట్టి మొక్కింది. నరసింగరావు మాత్రం చెప్పులు తొడుక్కుని స్కూటరు స్టార్ట్ చేశాడు.

అభిషేకం లేని దేవుడికి గిరాకీ తక్కువ. మరుసటి శనివారం సగం మందే వచ్చారు, ఆపై శనివారం కన్నమ్మ ఒక్కతే. క్యాంటీన్‌లో ఎవరూ జరగలేదు. ఒకటి రెండుసార్లు అప్పలకొండకి అనిపించింది, పండగ రోజున ఒక్క చెంబు పోయనిస్తే ఏం పోయిందని. అనుకున్నప్పుడల్లా వెళ్ళి పట్టీ చుట్టూ గుడ్డతో తుడిచి వచ్చేవాడు. దసరా ముందు తాబేలు తల బయటపెట్టి తోటకూర కొరికింది.

దసరా వెళ్ళాక డాక్టరు డొప్ప తట్టి చూసి, నీళ్ళలో వదిలెయ్యమన్నాడు. మొగుడూ పెళ్ళాలు శివనాథ్ నది ఒడ్డుకి వెళ్ళారు. సింహాచలమ్మ తను పెట్టిన బొట్లు తనే కొంగుతో తుడిచింది. తాబేలు బురద మీద కాసేపు కదలకుండా ఉండి, ఒక్కసారిగా నీళ్ళలోకి జారిపోయింది. మొక్కలేదు, వెనక్కి చూడలేదు. దూరంగా ముక్కు ఒకసారి పైకి వచ్చి మునిగింది.

"ఇంకేటి సూత్తావు?" అంది సింహాచలమ్మ.

"ఏటీ నేదు. పద."

ఇంటికి చేరేసరికి గుమ్మంలో ఎవరో మొగుడూ పెళ్ళాలు నిలబడి ఉన్నారు. భిలాయి-3 నుంచి వచ్చారట, ఆలస్యంగా విన్నారట.

"భయ్యా, తాబేలు దేవుడి ఇల్లు ఇదేనా?"

"ఇదే. ఆయన ఎళ్ళిపోయాడు."

వాళ్ళు మొహమొహాలు చూసుకుని వెనుదిరిగారు. వాళ్ళు వచ్చింది తన కోసం కాదని అప్పలకొండకి బాగా తెలుసు. అయినా వాళ్ళని వెనక్కి పిలిచాడు.

"ఎండన పడి వచ్చేరు. కూకోండి, టీ తాగి ఎల్దురు."

ఆ ఆడమనిషి మొగుడి వంక చూసి, అరుగు మీద చతికిలబడింది. సింహాచలమ్మ తాళం తీసీ తియ్యగానే అప్పలకొండ లోపలికి పోయి గ్లాసులు వెతకడం మొదలెట్టాడు.