రెండో పాటలో గిటార్ ఎవరు వాయించారు

ఆ పాత రాక్ రికార్డును మళ్లీ విడుదల చేస్తున్నారనీ, ఈసారి ఏ పాటలో ఎవరు గిటార్ వాయించారో అట్ట వెనక వేస్తారనీ తెలిసి, నేనే కంపెనీకి ఉత్తరం రాశాను. వాళ్లు తమ నిపుణుణ్ని పంపారు. నలభై ఏళ్లుంటాయి, మెడలో హెడ్‌ఫోన్లు. కూర్చుంటూనే అట్ట నమూనా మా ముందు పరిచాడు. రెండో పాటకు ఎదురుగా జులపాలాయన పేరు ఉంది. పొడుగాటి జులపాల వల్ల అందరూ అలా పిలిచే ఆయన, ఆ రికార్డు చేసిన బృందానికి నాయకుడు. పన్నెండేళ్లు ఆయన పక్కన నిలబడి వాయించిన మా అన్నయ్య పేరు ఎక్కడా లేదు.

"ఈ పాట వాయించింది మా అన్నయ్య" అన్నాను.

"అమ్మగారూ, ఆ బరువైన మోత జులపాలాయన గిటార్‌ది. కళ్లు మూసుకుని చెప్తాను. ఇరవై ఏళ్లుగా ఇదే రాస్తున్నాను."

"గిటార్ ఆయనదేనయ్యా! ఆ రోజు ఆయనకి జ్వరం. గిటార్ స్టూడియోలోనే ఉండిపోయింది. అన్నయ్య దాన్నే అందుకుని వాయించాడు. చొక్కా చూసి మనిషిని పోల్చేస్తారా మీరు?"

అన్నయ్య భార్య, మా వదిన, పక్క కుర్చీలోంచి, "ఊరుకోవే. చెవులు అద్దెకు తెచ్చుకున్నట్టున్నాడు" అంది.

నిపుణుడు నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

"పాట పెట్టండి."

పెట్టాడు. అన్నయ్య ఎడమచేతి ఉంగరపు వేలి కొస రేకుల కార్ఖానాలో తెగిపోయింది. తీగను పక్కకు లాగి స్వరాన్ని సాగదీయడం ఆ వేలితో అయ్యేది కాదు. అందుకని వేలిని గిటార్ మెట్ల మీదుగా పైకి జార్చేవాడు. సాగదీస్తే స్వరం నున్నగా పోతుంది. జారిస్తే ఒక్కో మెట్టూ టిక్కుమని తగులుతుంది.

"ఇదిగో, విన్నారా? మళ్లీ ఇక్కడ. జులపాలాయన ఒక్క పాటలోనైనా ఇలా జార్చాడా?"

మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాడు. మొహంలో నవ్వు పోయింది. "లేదు. ఆయన లాగుతాడు" అని గొణిగాడు. "పోనీ, ఇద్దరి పేర్లూ వేద్దాం" అన్నాడు.

"ఇద్దరూ కలిసి ఒకే చేత్తో వాయించారా?"

"ఇన్నేళ్లూ తప్పు రాశానని నలుగురూ నవ్వుతారండీ."

"మీరు నవ్వులపాలవుతారని మా అన్నయ్య ఆ పాటలో లేకుండా పోవాలా? వింతగా ఉందే!"

వదిన తన పెన్ను తీసి ఆయన ముందు పెట్టింది. నిపుణుడు జులపాలాయన పేరు కొట్టేసి, అన్నయ్య పేరు రాశాడు. వెంటనే లేచి, "ఆఫీసుకి వెళ్లి ప్రెస్సుకి చెప్తాను" అన్నాడు.

సాయంత్రానికల్లా వస్తాననే చెప్పి అన్నయ్య కూడా ఆ చివరిరోజు గుమ్మం దిగాడు, మళ్లీ రాలేదు. వెళ్లాక చేస్తామన్న మాటల మీద నాకు నమ్మకం లేదు.

ఆయన సంచి నా ఒళ్లోకి లాక్కున్నాను.

"ఫోన్ ఇక్కణ్నుంచే చెయ్యండి. పేరు గట్టిగా చదవండి, మా వదినకి వినపడాలి."

చదివాడు. ప్రెస్సువాడు ఆ పేరు తిరిగి చదివి వినిపించేదాకా నేను సంచి వదల్లేదు.