నువ్వుల గరిజెలు

మధ్యాహ్నం మూడయ్యేసరికి పోచమ్మ ఏడు వందల గరిజెలకు అంచులు మడిచింది. ఇంకా రెండు వందల అరవై ఉన్నాయి. పొద్దున ఆరింటికి కూర్చున్న మనిషి మధ్యలో రెండుసార్లే లేచింది. ఎడమ మోకాలు ఎప్పుడో మొద్దుబారిపోయింది. కుడిచేతి బొటనవేలు మాత్రం ఇంకా చెప్పిన మాట వింటోంది.

రేపు క్రిస్మస్. ఈ సాయంత్రం ఆరింటికి బాంద్రా నుంచి టెంపో వస్తుంది. అప్పటికి ఎనభై డబ్బాలు మూతలు పడి సిద్ధంగా ఉండాలి.

కామాఠీపురాలో వరస గదుల పాత చాల్ రెండో అంతస్తులో రత్నాబాయి ఒంటిగది ఖోలీ అది. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. అందులోనే పొయ్యి, నూనె మూకుడు, మైదా బస్తా, దొంతర్లుగా అట్టడబ్బాలు, నలుగురు ఆడవాళ్ళు. రత్నాబాయి కోడలు రుతుజ పూరీలు ఒత్తుతుంది. పోచమ్మ వాటిలో కొబ్బరి పూర్ణం పెట్టి, సగానికి మడిచి, అంచు అల్లుతుంది. పోచమ్మ కోడలు సుజాత నూనెలో వేయిస్తుంది. రత్నాబాయి పన్నెండేసి చొప్పున డబ్బాల్లో సర్దుతుంది. ఉన్నది ఒక్క కిటికీ. దానికి బయట ఎవరి చీరో ఆరేసి ఉండటంతో గాలి కూడా అడిగి రావలసి వస్తోంది.

డబ్బా మీద దీని పేరు నెవ్రీ. రత్నాబాయి కరంజీ అంటుంది. పోచమ్మకు గరిజె, కోస్తాలో కజ్జికాయ. ఏ పేరు పెట్టినా పిండి అదే, నడుం నొప్పి అదే. డబ్బా మీద ఫ్రాకు వేసుకున్న ఒక తెల్లజుట్టు ముసలమ్మ బొమ్మ, దాని కింద ఇంగ్లీషులో 'మా అమ్మమ్మ చేతి క్రిస్మస్ రుచులు' అన్న మాటలు ఉంటాయి. ఆ అమ్మమ్మను ఈ ఖోలీలో ఎవరూ చూడలేదు. చెయ్యి మాత్రం పోచమ్మది. అచ్చులో నొక్కితే, ఈ డబ్బాలు తీసుకెళ్ళి అమ్మే బాంద్రా మేడం ఒప్పుకోదు. చేత్తో అల్లినట్టు కనిపించాలి. అలా కనిపిస్తుంది కాబట్టే డబ్బా ఆరు వందల యాభైకి పోతుంది. అందులో రత్నాబాయికి వచ్చేది నూట అరవై. రత్నాబాయి పోచమ్మకిచ్చేది వంద గరిజెలకు అరవై.

పోచమ్మ వాళ్ళు క్రైస్తవులు. మహబూబ్‌నగర్ పల్లెలో మాలవాడ నుంచి వచ్చినవాళ్ళు. చర్చి పుస్తకంలో ఆమె పేరు రాహేలమ్మ. చాల్‌లో ఆ పేరు ఎవరికీ తెలియదు. రత్నాబాయి వాళ్ళది రెండు మెట్లు పైన ఉండే కులం. ఇద్దరి ముత్తాతలూ ఆ జిల్లా నుంచే కూలికి వచ్చిపోతూ ఈ ఊరి గోడలకు ఒకే తట్టలో ఇటుకలు మోసినవాళ్ళే. తట్ట ఎప్పుడో దిగింది, కులం మాత్రం ఇంకా నెత్తి మీదే ఉంది. అయినా ఇద్దరికీ స్నేహమే. రత్నాబాయి మాట కరుకు గానీ మనిషి మంచిదని పోచమ్మ నలుగురిలోనూ చెబుతుంది. క్రిస్మస్ సీజను పోయాక అప్పడాలు, దీపావళికి చక్లీలు, ఏడాది పొడుగునా ఆమె పని ఇస్తుంది. పోచమ్మ కొడుకు నరేష్ పరంజా మీద నుంచి పడి కాల్లో రాడ్డు వేయించుకున్నాక ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ పనితోనే.

ఏటా క్రిస్మస్ ముందు ఆదివారం పోచమ్మ తన ఇంటి గరిజెలు చేస్తుంది. వాటిలో కొబ్బరి ఉండదు. నల్ల నువ్వులు వేయించి, దంచి, బెల్లం కలుపుతుంది. వాళ్ళ ఊళ్ళో కొబ్బరికాయ కొనాలంటే పట్నం పోవాలి. నువ్వులైతే పటేల్ కళ్ళంలో కోత అయ్యాక మట్టిలో రాలి ఉండేవి. పోచమ్మ తల్లి ఆ కళ్ళం ఊడ్చి, మట్టితో సహా కొంగులో కట్టుకొచ్చి, మూడుసార్లు కడిగి, నాలుగోసారి చాట మీద చెరిగేది. పంటి కింద ఇసుక తగలని గరిజె ఆమె బతికినంత కాలం చెయ్యలేకపోయింది. పోచమ్మ ఇప్పుడు నాగ్‌పాడా దుకాణంలో శుభ్రం చేసిన నువ్వులు కొంటుంది. కొన్నా సరే, కడిగే అలవాటు పోలేదు. మూడుసార్లు కడుగుతుంది.

మొదటి పన్నెండు గరిజెలు స్టీలు పళ్ళెంలో సర్ది, పైన ఉతికిన రుమాలు కప్పి, రత్నాబాయికి తీసుకెళ్తుంది. ఇరవై ఏళ్ళుగా ఇదే పద్ధతి. రత్నాబాయి గడప దగ్గరే అందుకుంటుంది. ఒక ఏడు పంటి నొప్పి అంది, ఒక ఏడు ఉపవాసం అంది, ఈ ఏడు షుగరు అంది. "పెట్టిపో, తర్వాత తింట" అంటుంది. మర్నాడు పళ్ళెం తోమి, అందులో పిడికెడు చక్కెర పోసి పంపుతుంది. ఖాళీ పళ్ళెం పంపకూడదు కదా, మర్యాద తెలిసిన మనిషి. పళ్ళెం ఇవ్వగానే పోచమ్మ గబగబా మెట్లు దిగి కింద ఉన్న తన ఖోలీకి వచ్చేస్తుంది. ఎందుకంత తొందరని ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె కూడా తనను తాను ప్రశ్నించుకోలేదు.

మూడుంబావుకు రత్నాబాయి ఫోను మోగింది. ఆమె చేతులకు నూనె అంటుకుని ఉండటంతో రుతుజ స్పీకరు నొక్కింది. బాంద్రా మేడం. హిందీలో ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడింది. మజ్‌గావ్‌లో పెద్ద కస్టమరట. నిన్న వెళ్ళిన డబ్బాలో ఆరు వేరే రకం ఉన్నాయట. నల్ల నువ్వులు, బెల్లం. ఇంట్లో వాళ్ళు వాటికోసం కొట్టుకున్నంత పని చేశారట. ఈ రాత్రి వాళ్ళింట్లో విందుంది, అచ్చం అలాంటివే పది డబ్బాలు కావాలి, టెంపోలోనే పంపాలి, డబుల్ రేటు ఇస్తాను. ఈ రెసిపీ ఇన్నాళ్ళు ఎందుకు దాచావు అని నవ్వి పెట్టేసింది.

"మన కరంజీల తిల్ ఎక్కడిది ఆయీ?" అంది రుతుజ. మరాఠీ పిల్ల. పెళ్ళయి మూడేళ్ళకు తెలుగు బాగానే పట్టుకుంది గానీ, ఎక్కడ నోరు మూసుకోవాలో ఇంకా పట్టుకోలేదు. "మనం ఖోబ్రం ఒక్కటే ఏస్తం గదా."

"నువ్ పూరీలొత్తు" అంది రత్నాబాయి.

పోచమ్మ చేతిలో గరిజె అంచు సగం మడిచి ఉంది. దాన్ని అలాగే పళ్ళెంలో పెట్టింది.

"అక్కా, నువ్వులయి నేనాదివారం నీకిచ్చినయే గదా."

రత్నాబాయి డబ్బా మూత ఒకటి తీసి మళ్ళీ పెట్టింది. "ఆఁ, గవే. నిన్న ఆరు తక్కువ పడ్డయ్ పోచమ్మా. కింద టెంపోవాడు హారన్ కొడుతుండె. ఏం జెయ్యాలె? అండ్ల పెట్టిన."

"పన్నెండిచ్చిన. కడమ ఆరు?"

"సఫాయికొచ్చే ఆమెకిచ్చిన. పారెయ్యలె, నీ మీద ఒట్టు."

"నిరుడు ఇచ్చినయి?"

రత్నాబాయి ఇంకో డబ్బా ముందుకు లాక్కుంది. మూకుడులో గరిజెలు ఎర్రబడుతున్నాయి. సుజాత గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"అన్నీ ఆమెకేనా అక్కా?"

"ఎవలో ఒకలు తిన్నరు గదా. గరీబు మనిషి, సంబరంగ తింటది."

"నువ్వు తినలె."

"నీకు ఎర్క లేదా ఏంది?" రత్నాబాయి గొంతు కాస్త లేచింది. తప్పు పట్టుబడ్డవాళ్ళ గొంతు అలాగే లేస్తుంది. "మా అత్త ఉన్నప్పటిసంది గట్లనే నడుస్తుంది. నా మనసుల ఏం లేదు. నరేష్‌కు దెబ్బ తలిగిననాడు దవాఖానల తెల్లందాంక నీ పక్కన ఎవలు కూసున్నరు?"

"నువ్వే కూసున్నవ్. అది మరువ."

మరిచిపోలేదు. ఆ తెల్లవారుజామున సుజాత ఇంటి నుంచి ఫ్లాస్కులో చాయ్ తెచ్చిన సంగతీ, రత్నాబాయి తలనొప్పిగా ఉందని కిందికి దిగి బండి దగ్గర కటింగ్ చాయ్ తాగి వచ్చిన సంగతీ కూడా మరిచిపోలేదు. ఇన్నాళ్ళూ ఆ రెండో ముక్కను ఎక్కడో అడుగున పెట్టి, పైన మొదటి ముక్క కప్పుకుని బతికింది. ఇప్పుడు కప్పు లేచిపోయింది. ఆమెకు రత్నాబాయి మీద కన్నా తన మీద ఎక్కువ కోపం వచ్చింది. తెలియక మోసపోలేదు కదా. ఇరవై ఏళ్ళు కళ్ళు మూసుకుని మెట్లు దిగింది.

"నా చేతిది అమ్మనీకి వస్తది. నీ నోట్లెకు రాదు" అంది పోచమ్మ.

"అమ్ముడు వేరె, తినుడు వేరె" అంది రత్నాబాయి. ఇది ఆమెకు ఎంత మామూలు సంగతో ఆ గొంతులోనే తెలిసింది. వెంటనే సర్దుకుని, "గవన్నీ పండుగైనంక మాట్లాడుకుందం. నువ్వులు తెప్పిస్త, పటాపట్ మొదలువెట్టు. నూటిరవై గరిజెలు. వందకు నూట యాభై ఇస్త నీకు. మేడంకు ఈ రకం నచ్చిందంటే కొత్త సాల్ మొత్తం నీకే పని" అంది.

సుజాత అత్త దగ్గరకు వంగింది. "అత్తా, ఊకో. మనకెందుకు ఇప్పుడు. పిల్లగాండ్ల ఫీజులున్నయ్." ఆ మాటలో అన్యాయం ఏమీ లేదు. ఫీజులు నిజంగానే ఉన్నాయి.

పోచమ్మ గోడ పట్టుకుని లేచింది. మోకాలు వెంటనే నిలవలేదు. కాసేపు ఆగి, చేతులకున్న పిండి కొంగుకు తుడుచుకుని బయటికి వెళ్ళింది.

"నువ్వులు కడగనీకి వోయింది కావచ్చు" అంది రత్నాబాయి. ఆ మాట తనకే చెప్పుకుంది. రుతుజ తల వంచుకుని పూరీలు ఒత్తింది. అంచు మడిచేవాళ్ళు లేక పూరీలు ఒకదాని మీద ఒకటి ఎండిపోతున్నాయి. రత్నాబాయి రెండు తీసుకుని తానే మడిచి చూసింది. అంచు చీలి పూర్ణం బయటికొచ్చింది. మేడం అలాంటివి తీసుకోదు.

పది నిమిషాలకు పోచమ్మ వచ్చి రత్నాబాయి ఎదుట కూర్చుంది. చేతిలో మూత బిగించిన స్టీలు డబ్బా ఉంది. అందులో ఎనిమిది గరిజెలు. రేపు చర్చి నుంచి వచ్చాక ఇంటిల్లిపాదీ తినడానికి దాచుకున్నవి. ఒకటి తీసి, మూత బోర్లించి దాని మీద పెట్టి, రత్నాబాయి ముందుకు జరిపింది.

"ఒక్కటి తిను అక్కా. తిన్నంక చేస్త. ఎన్నంటే అన్ని చేస్త."

రత్నాబాయి ముఖం రకరకాలుగా మారింది. "ఇయ్యాల మంగళవారం పోచమ్మా. ఉపాసం నాకు."

కిటికీ గట్టు మీద వడాపావ్ చుట్టిన కాగితం నూనె మరకలతో ఇంకా అక్కడే ఉంది. పన్నెండింటికి నలుగురికీ రత్నాబాయే తెప్పించింది. రెండు తిన్నది కూడా ఆమే. రుతుజ ఆ కాగితం వైపు చూసి, చూసినందుకు భయపడి, చూపు తిప్పుకుంది.

"నేన్ తింట మావశీ" అంది పోచమ్మతో చిన్నగా.

"నువ్వు తింటవు బిడ్డా, నాకెర్కే. ఇది అక్కకు."

"మంకుపట్టు పడితే నీకే నష్టం" అంది రత్నాబాయి. "గల్లీల చేతులకు కరువా? రేపటిసంది ఇంకొకలు వస్తరు. మాకేం పని లేదా అని మళ్ళ నా తలుపు కొట్టొద్దు."

"కొట్ట."

ఒక్క మాటే అంది. నరేష్ కాలు, పిల్లల బడి, జనవరి, ఫిబ్రవరి అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. అయినా మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు. చక్కెర పోసిన పళ్ళాలు ఇరవై అందుకుంది. ఇరవై ఒకటోది ఇక తన వల్ల కాదు.

మూకుడులో గరిజెలు నల్లబడి పొగ లేచింది. సుజాత వాటిని ఎత్తలేదు. అత్త ముఖం వైపు ఒకసారి చూసి, వంగి, పొయ్యి ఆర్పేసింది. గరిటె పక్కన పెట్టి, వచ్చి పోచమ్మ వెనకాల నేల మీద కూర్చుంది.

నూనె చిటపటలు ఆగేసరికి గదిలో కింది గల్లీ చప్పుడు వినిపించింది. ఎవరో బడిపిల్లలు క్రిస్మస్ పాట పాడుకుంటూ పోతున్నారు. ఫోను మళ్ళీ మోగింది. మేడం పేరు వెలిగింది. రత్నాబాయి ఎత్తలేదు. అది మోగి మోగి ఆగి, మళ్ళీ మొదలైంది.

రత్నాబాయి చెయ్యి చాచి మూత మీది గరిజెను తీసుకుంది. వేళ్ళతో దాని అంచు తడిమింది. మడత మీద మడత, ఎక్కడా చీలిక లేదు. ఇరవై ఏళ్ళలో దాన్ని అంతసేపు చేతిలో పట్టుకోవడం ఇదే మొదటిసారి. ఆమె ఎడమ పక్కన, పదకొండు గరిజెలతో, ఒక్క ఖాళీతో, డబ్బా నోరు తెరుచుకుని ఉంది. గరిజె పట్టుకున్న చెయ్యి దానికీ ఆమె నోటికీ మధ్య ఆగింది.

ఈసారి పోచమ్మ మెట్లు దిగలేదు. రత్నాబాయి చేతి వైపే చూస్తూ కూర్చుంది.