పెంటయ్య కేసు

మానుకోట నుంచి గూడూరు పోయే దారిలో కొత్తగా వెలసిన ఒక మెడికల్ కాలేజీలో డాక్టర్ కరుణాకర్ పిల్లల విభాగానికి పెద్ద. ఎనిమిది పడకల ఐసీయూ ఆయన చేతి కింద నడుస్తుంది. ఒళ్ళు తెలియని జ్వరంతో వచ్చినవాళ్ళను, పాము కరిచినవాళ్ళను, పొరపాటున పురుగుల మందు తాగినవాళ్ళను ఆయన ఎందరినో బతికించాడు. ఆ మాట చుట్టుపక్కల తండాలన్నీ ఒప్పుకుంటాయి. ఆయనకు పేరు తెచ్చింది మాత్రం బతకని పిల్లలు.

పిల్లవాడు దక్కలేదని తల్లికి ఎట్లా చెప్పాలో విద్యార్థులకు నేర్పడానికి ఆయన పద్దెనిమిది గడుల పట్టిక ఒకటి తయారుచేశాడు. కుర్చీలో కూర్చుని మాట్లాడితే అర మార్కు. తల్లి కళ్ళలోకి చూస్తే ఒక మార్కు. మంచినీళ్ళు ఇస్తే అర మార్కు. వార్త చెప్పాక పది సెకండ్లు మౌనంగా ఉంటే ఒక మార్కు, పదకొండో సెకండుకు అదనంగా ఏమీ లేదు. ఈ పట్టిక పట్టుకుని ఆయన బెంగళూరు, పుణె, ఒకసారి కొలంబో కూడా వెళ్ళివచ్చాడు.

తాను అదే వార్త చెప్పవలసి వచ్చినప్పుడు ఐసీయూ తలుపు సగం తెరిచి, నిలబడే, చేతిలో మోగుతున్న ఫోన్ వంక చూస్తూ, "సీరియస్‌గా ఉంది, డెబ్బై శాతం చెప్పలేం, ఇక్కడ సంతకం పెట్టండి" అనేవాడు. మిగిలిన ముప్పై శాతం ఆయా పుష్ప చెప్పేది. తలుపు పక్కన తన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, ఆ తల్లి చెయ్యి పట్టుకుని, ఎంతసేపు పడితే అంతసేపు చెప్పేది. పట్టిక రాసినవాడికి పట్టికతో పనేముంటుందని డాక్టరుగారు అనుకునేవారు కాబోలు. ఆయనను అడిగినవాళ్ళెవరూ లేరు.

ఆ గురువారం హైదరాబాద్ నుంచి ప్రియదర్శిని అనే నిపుణురాలు వస్తోంది. విద్యార్థులు ఆ పట్టిక ప్రకారం మాట్లాడటం ఆమె కళ్ళారా చూసి మెచ్చుకుంటే ఆయన విభాగం శిక్షణ కేంద్రమవుతుంది. జనగామ నుంచి, భూపాలపల్లి నుంచి అధ్యాపకులు ఇక్కడికే వచ్చి నేర్చుకోవాలి. మెచ్చుకోకపోతే పదకొండేళ్ళ శ్రమ బీరువాలోకే. కరుణాకర్ మాత్రం శిక్షణ కేంద్రం బోర్డు ముందే రాయించాడు. పాత దుప్పటి కప్పి బీరువా వెనక దాచాడు.

ఒక్కటే చిక్కు. తల్లి కావాలి. విద్యార్థినులు వేషం వేస్తే ఒప్పుకోనని, ఈ ప్రాంతపు నిజమైన తల్లే కూర్చోవాలని ప్రియదర్శిని ముందే చెప్పింది. కరుణాకర్ మొదట పుష్పను అడిగాడు.

"నాతోని కాదు సారు."

"ఉత్త నటన పుష్పా. నిజం కాదు."

"నాకు తెలుసు సారు. నోటికి తెల్వదు కద. నా కొడుకు సచ్చిండని నోట్లకెళ్ళి వచ్చినంక మళ్ల లోపలికి పోతదా?"

నర్సు సోని ఆ రోజు సెలవు కావాలంది. వంటగదిలో ఇద్దరు ఆడవాళ్ళు ఆయన అటు వస్తుంటేనే వెనక తలుపు నుంచి వెళ్ళిపోయారు. ఇంత చదువు చెప్పే చోట ఇంత మూఢనమ్మకమా అని కరుణాకర్ బాధపడ్డాడు.

చివరికి గూడూరు అవతలి తండా నుంచి వచ్చిన లచ్చి ఒప్పుకుంది. వానాకాలంలో ఆమె మనవడు జ్వరంతో తొమ్మిది రోజులు ఇదే ఐసీయూలో ఉండి బతికి బయటపడ్డాడు. వాణ్ణి చూపించడానికి వచ్చిన లచ్చిని డాక్టరు స్వయంగా అడిగేసరికి కాదనలేకపోయింది.

"నా మనుమన్ని బతికించినవ్ సారు. నువ్వడిగితె ఎట్ల కాదంట?" అంది. తరవాత, "గని, పిల్లగాని పేరేంది?" అని అడిగింది.

కరుణాకర్ కాగితం చూశాడు. "మూడేళ్ళ బాబు. అరుణ్."

కుర్చీలు మోసుకొస్తున్న వాచ్‌మన్ ప్రభుదాస్ చేతిలోవి దించేశాడు. "సారు, మా పెద్దోని పేరు అరుణ్."

"సరే, సంజీవ అని పెడదాం."

"మా అన్న కొడుకు సార్," అంది సోని, మందులు లెక్కపెట్టడం ఆపకుండానే.

"అయితే పేరే వద్దు. 'లచ్చి బిడ్డ' అని రాస్తా."

లచ్చి లేచి నిలబడింది. "నా పేరెందుకు సారు నడుమ?"

"కూర్చో అవ్వా. ఏ పేరూ రాయను."

"పేరు లేనోని కోసం ఎట్ల ఏడ్వాలె?" లచ్చి మళ్ళీ కూర్చుంటూ అడిగింది. "నీకు పిల్లలు లేరా సారు?"

"ఒక అమ్మాయి."

"పేరేంది?"

కరుణాకర్ కాగితం వంక చూశాడు. "ఈ కేసు మగపిల్లవాడిది."

"కాయితమే కద సారు. కొట్టేసి రాయి."

ఆయనకు అప్పుడే అర్జెంటుగా ఫోన్ చేయవలసిన పని గుర్తొచ్చింది.

ఆయన తిరిగి వచ్చేసరికి పుష్ప దారి చూపింది. "పెంటయ్య అని పెట్టుండ్రి సారు. మా పెద్దన్న పేరు. ఆయనకంటె ముందు ఇద్దరు పిల్లలు పోయిండ్రట. ఈయన పుట్టంగనే పెంటకుప్ప మీద పండవెట్టి, మల్ల ఎత్తుకొచ్చి ఆ పేరు వెట్టిండ్రు. పెంట మీదికెళ్ళి తెచ్చినోన్ని యముడు సుత ముట్టడు. ఇప్పుడు డెబ్బై ఏండ్లు. స్టేషన్ ఘన్‌పూర్‌ల సైకిల్ తొక్కుతడు."

గదిలో ఎవరి పిల్లలకూ ఆ పేరు లేదు. ఈ కాలంలో పెట్టేవాళ్ళూ లేరు. అందరికీ నచ్చింది. కరుణాకర్‌కు అయితే ప్రాణం లేచొచ్చింది. చిక్కు తీరిందనుకున్నాడు.

గురువారం పదకొండు గంటలకు సెమినార్ హాల్లో బల్ల, రెండు కుర్చీలు, నీళ్ళ సీసాలు సిద్ధంగా ఉన్నాయి. ముందు వరుసలో ప్రియదర్శిని కూర్చుంది. తల్లి కుర్చీలో లచ్చి కూర్చుంది. తలుపు దగ్గర పుష్ప నిలబడింది. విద్యార్థుల తరఫున సంజయ్ వచ్చాడు. రాజకీయాలు తెలిసిన ఇంటి పిల్లవాడు, మాటకారి, పద్దెనిమిది గడులూ కంఠస్థం.

సంజయ్ కూర్చున్నాడు. కళ్ళలోకి చూశాడు. "అమ్మా, మీ బాబు పరిస్థితి గురించి మీకు ఇప్పటివరకు ఏం తెలుసు?" అని అడిగాడు. అది నాలుగో గడి.

"నాకేం తెలుసు బిడ్డా. డాక్టరువు నువ్వు."

వెనక వరుసలో ఎవరో నవ్వు ఆపుకున్నారు. సంజయ్ నీళ్ళు ఇచ్చాడు, లచ్చి తాగింది. అతను గొంతు తగ్గించి, "మేం చేయగలిగినదంతా చేశాం. పెంటయ్య మనకు దక్కలేదు" అని తల వంచుకున్నాడు. విద్యార్థులంతా పెదవులతో పది లెక్కపెట్టారు.

తొమ్మిది దగ్గర లచ్చి అంది, "గట్ల కాదు బిడ్డా. పెంటయ్య సావడు. పో, మళ్ల చూసి రా."

సంజయ్ తడబడ్డాడు. "మీ బాధ నేను అర్థం చేసుకోగలను."

"నాకు బాధేం లేదు. నువ్వు సరిగ చూడలే."

సంజయ్ ఇంకో సీసా మూత తీశాడు.

"తాగిన కద బిడ్డా ఇందాకనే."

పట్టికలో ఇట్లాంటి తల్లి లేదు. సంజయ్ ఏం చేయాలో తోచక మొదటి గడి నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. లేచి, కూర్చుని, కళ్ళలోకి చూశాడు. లచ్చి కూడా ఓపికగా మళ్ళీ చెప్పింది, పెంటయ్య సావడని. తలుపు దగ్గర పుష్ప, అవునవునన్నట్టు తల ఊపింది. మూడో సీసా అయ్యేసరికి సంజయ్ చొక్కా తడిసిపోయింది. చనిపోవలసినవాడు ఇంకా చనిపోలేదు.

ప్రియదర్శిని వెనక్కి తిరిగింది. "కరుణాకర్ గారూ, ఇట్లాంటి తల్లికి మీరైతే ఎట్లా చెప్తారు? ఒకసారి చూపించండి."

బీరువా వెనకున్న బోర్డు కరుణాకర్ కళ్ళ ముందు మెదిలింది. ఆయన వెళ్ళి సంజయ్ కుర్చీలో కూర్చున్నాడు. ఒక తల్లి ఎదురుగా కూర్చోవడం ఎన్నేళ్ళ తరవాతో ఆయనకే గుర్తులేదు.

"అవ్వా, నేను స్వయంగా చెప్తున్నా. పెంటయ్య..."

"నువ్వు చూసినవా సారు పిల్లగాన్ని?"

"చూశాను."

"దారం ఎక్కడున్నది?"

ఆయన కాగితం చూశాడు. రక్తపోటు ఉంది, నాడి ఉంది, లాక్టేట్ ఉంది. దారం లేదు. "ఎడమ చేతికి," అన్నాడు.

"కాలికి కట్టిన సారు," అంది లచ్చి. ఆమె గొంతు ఏమీ పెరగలేదు. "ఆనాడు గూడ నిన్ను గిదే అడిగిన. కురవి వీరభద్రుని కాడ కట్టిచ్చిన దారం, నా మనుమని కాలికున్నదా, కోసిండ్రా అని. నువ్వు ఫారం మీద వేలుముద్ర వెయ్యిమన్నవ్. బతికించినవ్, గది వేరే ముచ్చట. గని చూడలే."

పది సెకండ్లు దాటాయి, ఇరవై దాటాయి. లెక్కపెట్టడం విద్యార్థులు మరిచిపోయారు.

"తెల్వదు అవ్వా," అన్నాడు కరుణాకర్. ఆయన నోట ఆ మాట ఆ కాలేజీలో ఎవరూ వినలేదు. "చూసి వస్త."

లేచి హాల్లోంచి బయటికి నడిచాడు. నడిచాక తోచింది, వెళ్ళి చూడటానికి పెంటయ్య ఎక్కడున్నాడు? మాట ఇచ్చి వచ్చాడు, తిరిగి పోలేడు. వరండాలో కాసేపు నిలబడ్డాడు. కాళ్ళు అలవాటు కొద్దీ ఐసీయూ వైపు తీసుకుపోయాయి. ఐదో పడక మీద డోర్నకల్ నుంచి పాము కరిచి వచ్చిన నాలుగేళ్ళ పాప ఉంది. ఉదయం ఆయన ఆ పడక దగ్గర మూడు నిమిషాలు నిలబడి ఆరు ఆర్డర్లు రాశాడు. ఇప్పుడు వంగి చూశాడు. కుడి మోచేతి పైన నల్ల దారం ఉంది. ప్లాస్టర్ కింద ఇరుక్కుని తడిసిపోయి ఉంది. దారం వల్లే పిల్లలు బతుకుతారా అంటే ఎవరు చెప్పగలరు? ఇంతమందిలో ఏ పిల్ల ఎవరిదో గుర్తుపట్టడానికి దేవుడికి కూడా ఏదో ఒక ఆనవాలు కావాలేమో.

తలుపు బయట ఆ పాప తల్లి శిరీష నిలబడి ఉంది. ఆయనను చూడగానే సంతకం కోసమనుకుని చెయ్యి తుడుచుకుంది.

"అక్షయ చేతికి దారం ఉందమ్మా," అన్నాడు ఆయన. "నల్లది. తడిసింది కానీ తియ్యలేదు."

ఆమె ఆయన ముఖం వంక చూసింది. "కన్ను తెరిచిందా సారు?"

"ఇంకా లేదు. చెప్తాను, కూర్చో."

హాల్లో ఈలోగా చప్పట్లు మోగాయి. డాక్టరు లేచి వెళ్ళడం కూడా బోధనలో భాగమని ప్రియదర్శిని అనుకుంది. ఇంత లోతైన పద్ధతి తాను ఎక్కడా చూడలేదని రాసి, కేంద్రానికి అనుమతి ఇచ్చింది. పట్టికకు పంతొమ్మిదో గడి కూడా తానే చేర్చింది: 'దారం చూశారా? అర మార్కు.' లచ్చికి ఎవరూ మార్కులు వేయలేదు. ఆమె మిగిలిన నీళ్ళ సీసా ఒకటి మనవడి కోసం సంచిలో వేసుకుని బస్సుకు వెళ్ళిపోయింది.

బోర్డు గోడకు ఎక్కింది. జనగామ నుంచి ఇద్దరు, భూపాలపల్లి నుంచి ముగ్గురు అధ్యాపకులు నేర్చుకోవడానికి వచ్చారు. వాళ్ళలో ఒకాయన ఎంతో శ్రద్ధగా చెయ్యెత్తి, "సార్, పిల్లవాడికి దారం లేకపోతే ఆ అర మార్కు ఎట్లా వెయ్యాలి?" అని అడిగాడు. మిగతావాళ్ళు జవాబు రాసుకోవడానికి పెన్నులు తీశారు.

జవాబు చెప్పవలసిన కరుణాకర్ అప్పుడు హాల్లో లేడు. ఐసీయూ తలుపు బయట ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఎవరో తల్లితో మాట్లాడుతున్నాడు. లోపల ఫోన్ మోగుతోంది. ఆ స్టూలు పుష్పది.

"ఇగ నేనేడ కూసోవాలె సారు?" అని ఆమె రోజూ అడుగుతూనే ఉంది.